భోంపూకి ఆగని పాట

మొదటి కేసెట్ మోగించిన రోజు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి టేప్ రికార్డర్ వైరు పీకేసింది. "ఏటే అది, అలా గీకతంది? కొత్త మిసను కాల్సేత్తావా ఏటి?" అంది. కాలలేదమ్మా, అది పాటే అన్నాను. అమ్మ చెయ్యి తుడుచుకుని నా నుదుటి మీద పెట్టి చూసింది.

అది నిజంగా పాటే. ఇంగ్లండు నుంచి పోస్టులో వచ్చింది. మా మిషన్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలందరికీ అక్కడి పిల్లల్లో ఒక్కొక్కరిని కలం స్నేహానికి అంటగట్టారు. మిగతావాళ్ల స్నేహాలు ఒకటి రెండు క్రిస్మస్ కార్డులతో చల్లారిపోయాయి, నాదొక్కటే నిలిచింది. ఆమెది ఓడలు కట్టే ఊరు, వాళ్ల నాన్న ఓడల యార్డులో వెల్డరు. ఎనభైల మొదట్లో, నాకు ఉద్యోగం వచ్చే నాటికి, వాళ్ల యార్డు మూతపడింది. ఆమె, ఆమె స్నేహితులు ఆ ఖాళీ షెడ్లలో దూరి, ఇనప రేకుల్ని సుత్తులతో బాది, డ్రిల్లులు తిప్పి, ఆ చప్పుడంతా రికార్డు చేసేవాళ్లు. ఇంట్లోనే కాపీలు తీసి, జిరాక్స్ అట్టలు చుట్టి, పోస్టులో పంచుకునేవాళ్లు. జర్మనీలో, జపాన్‌లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారనీ, ఈ కేసెట్లు ఏ దుకాణంలోనూ దొరకవనీ, దీన్ని నాయిస్ అనీ ఇండస్ట్రియల్ మ్యూజిక్ అనీ అంటారనీ రాసింది.

ఇండస్ట్రియల్ అనే మాట చూసి నాకు నవ్వాగలేదు. జంషెడ్‌పూర్‌లో, సీతారామ్‌డేరాలో మా రెండు గదుల క్వార్టర్‌లో ఆ మాటకి అర్థం ఏమిటంటే, అమ్మ పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరగడం.

ఆ కేసెట్లలో వినదగ్గవి ఏవి అని ఈమధ్య కుర్రాళ్లు కొందరు నన్ను అడుగుతున్నారు. అడగడమే కాదు, నేనేదో తపస్సు చేసొచ్చినట్టు చూస్తారు. అడిగారు కాబట్టి చెప్తాను. నా స్నేహితురాలి మొదటి కేసెట్ తప్పకుండా వినాలి. బూడిద రంగు అట్ట, దాని మీద తుప్పు పట్టిన గొలుసు బొమ్మ. ఒక పక్కంతా ఖాళీ షెడ్డులో ఇనప రేకును నేల మీద ఈడుస్తారు, అంతే. మధ్యలో వాన మొదలవుతుంది, వాళ్లు ఆపరు. రేకు ఏదో వాన ఏదో తెలియని చోటు ఒకటి వస్తుంది. అక్కడికొచ్చేసరికి నేను ఇప్పటికీ టేపు వెనక్కి తిప్పి మళ్లీ వింటాను. జర్మనీది ఒకటుంది, అందులో గదినిండా కుట్టుమిషన్లు ఒకేసారి తొక్కుతూ, తర్వాత ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతారు. ఆఖరి మిషను కూడా ఆగిపోయాక టేపు చాలాసేపు ఖాళీగా తిరుగుతుంది. ఆ ఖాళీ కోసమైనా ఆ కేసెట్ వినొచ్చు. జపాన్ నుంచి వచ్చినదానిలో మొదటి నుంచి చివరిదాకా హోరు తప్ప ఏమీ లేదు. ఓపిగ్గా కూర్చుంటే ఆ హోరు ఒకటి కాదనీ, ఒకదాని కింద ఒకటి చాలా ఉన్నాయనీ తెలుస్తుంది.

వినక్కర్లేనివి మాత్రం బోలెడు. మిలటరీ టోపీల ఫొటోలు అట్ట మీద వేసుకుని మైకులో అరిచే మగవాళ్లవి కొన్ని. అరుపులు వినాలంటే అంతదూరం ఎందుకు, పొద్దున్నే మా వీధి కుళాయి దగ్గరికొస్తే సరిపోయేది. ఇంకో రకం ఉంది, లోపలి చప్పుడు కంటే అట్ట మీద రాత ఎక్కువ. యంత్రం మనిషిని మింగేస్తోంది, చెవులు తెరవండి అంటూ. అలా రాసినవాళ్లని ఒక్క షిఫ్టు మిల్లులో మా నాన్న పక్కన నిలబెట్టాలని నాకు మహా కోరికగా ఉండేది.

ఆ చప్పుళ్లు నాకెందుకు నచ్చాయంటే, నా ఉద్యోగం అలాంటిది. వర్క్స్‌లో, అంటే మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో, టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆపరేటర్ని. రోజంతా చెవులకి హెడ్‌ఫోను. ట్రంకు కాల్ కలిసేలోపు లైన్లో వచ్చే గరగర, ఎక్కడిదో ఎవరిదో మాట తునక, ఊళ్లకి ఊళ్లు దాటి వచ్చే హోరు, వీటన్నిటినీ పక్కకి నెట్టి మాటనొక్కదాన్ని పట్టుకోవడమే నా పని. ఇంటికొచ్చాక నేను పక్కకి నెట్టినవన్నీ చెవుల్లో తిరుగుతుండేవి. వాటినే పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టిన సంగీతం ఒకటుందని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎక్స్ఛేంజిలో పాడైందని మూల పడేసిన హెడ్‌ఫోనును మా మెకానిక్ బాగుచేసి, టేప్ రికార్డర్‌కి సరిపడే పిన్ను వేసి ఇచ్చాడు. అమ్మకి శాంతి దొరికింది. ఒక సాయంత్రం నాన్న షిఫ్టు నుంచి వచ్చి, టీ గ్లాసుతో నా పక్కన కూర్చుని, "ఏటింటన్నావు?" అని హెడ్‌ఫోను లాక్కుని పెట్టుకున్నాడు. వాల్యూమ్ చక్రం చివరికంటా తిప్పేశాడు. కాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది. "బాగుందమ్మా. ఇది బాగా ఇనబడతంది," అన్నాడు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం టీ, ఆ ఇనప రేకు కేసెట్. సినిమా పాటలు పెడితే తీసేసేవాడు. "ఏటో గొణుగుతున్నట్టుంటాది," అనేవాడు. నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. మా నాన్నకి ఎంత అభిరుచి ఉందో చూడమని ఇంగ్లండుకి పేజీలు పేజీలు రాశాను. మిగతావేవీ ఆయన చెవికి సరిగా అందడం లేదనీ, చివరికంటా తిప్పిన ఈ హోరొక్కటే అందుతోందనీ నా బుర్రకి తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. నాన్న పనిచేసే రోలింగ్ మిల్లులో నోటితో మాట్లాడటం కుదరదు. ఎర్రగా కాలిన కడ్డీలు రోలర్ల మధ్య నుంచి దూసుకొచ్చే చోట పక్కవాడి కేక పక్కవాడికి వినబడదు. అందుకని అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి పైకెత్తితే ఆపమని. రెండు వేళ్లు మీసం మీద పెడితే ఫోర్‌మన్ వస్తున్నాడని. పిడికిలి నోటి దగ్గరికి తెస్తే టీ వచ్చిందని. ఆ సైగలన్నీ నాన్నతో పాటు ఇంటికొచ్చేవి. అన్నం తినడానికి రమ్మని అమ్మ నోటితో పిలిచేది కాదు, చేత్తోనే పిలిచేది. నోటితో చెప్పేవి గట్టిగా, ఎదురుగా నిలబడి చెప్పేది. మా వరసలో తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఇంతే. ఇలాంటి ఇంట్లో మనిషికి చెవుడు వస్తే ఎవరికి తెలుస్తుంది?

ఒక్కచోట మాత్రం తెలుస్తుంది, పాటలో. మా క్రైస్తవ సంఘంలో పాట ఎత్తేది నాన్నే. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కూడబలుక్కుని కట్టుకున్న చిన్న గుడి మాది. దాని హార్మోనియం తిత్తులు ఎప్పుడో ఎలుకల పాలయ్యాయి. అప్పటి నుంచి మాకు శ్రుతి అంటే నాన్న గొంతే. ఆయన మొదటి చరణం ఎత్తుకుంటే అందరూ అక్కడి నుంచి అందుకోవాలి. మిల్లులో ఆయన పదిమందిలో ఒకడు, హిందీలో తిట్లు తినేవాడు. ఆదివారం మాత్రం అందరూ లేచి నిలబడి ఆయన నోటివైపు చూసేవాళ్లు. నాన్నకి ఈ ఊళ్లో ఉన్న పెద్దరికమల్లా అదొక్కటే. ఆయనకీ అది తెలుసు, శనివారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించుకునేవాడు.

ఆరాధన మధ్యలో ఒకసారి వర్క్స్ సైరన్ కూసేది. దాన్ని మేం భోంపూ అనేవాళ్లం. అది కూస్తే పక్కవాడి మాట కూడా వినబడదు. ప్రార్థన చేస్తున్న పాస్టరు అయ్యగారు మాట మధ్యలోనే ఆగిపోయేవారు. పాట నడుస్తుంటే నాన్న మిల్లులో లాగే అరచెయ్యి పైకెత్తేవాడు. అందరం టక్కున ఆగేవాళ్లం. కూత అయిపోగానే చెయ్యి దించి, వదిలిన మాట దగ్గరే, వదిలిన శ్రుతిలోనే ఎత్తుకునేవాడు. బయటినుంచి వచ్చినవాళ్లు అది చూసి ముచ్చటపడేవారు.

నా ఉద్యోగం మొదలయ్యాక ఆదివారాలు నాకు డ్యూటీ పడేది. చాలాకాలం నేను గుడికి వెళ్లనే లేదు.

ఈలోగా ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. రకరకాల ఊళ్ల చప్పుళ్లతో ఒక కేసెట్ వేస్తున్నాం, మేం నటిస్తున్నదంతా మీ ఊళ్లో నిజంగా ఉంది, ఏదైనా పంపు అని. నేను ఖర్కాయి నది వంతెన మీదకి వెళ్లి, ఆదిత్యపూర్ వైపు వర్క్‌షాపుల చప్పుడంతా పట్టుకొచ్చాను. మా టేప్ రికార్డర్ చిన్న మైకులో అదంతా అన్నం ఉడుకుతున్నట్టు వినబడింది. నీరసపడి కూర్చుంటే అమ్మ అంది: "ఆ పెట్టి నాకియ్యి. ఆదివారం గుళ్లో పాట పట్టుకొత్తాను. మజ్జిలో భోంపూ కూడా వత్తాది."

అమ్మకి నా కేసెట్ల మీద అంత దయ ఎందుకు కలిగిందో నేను ఆలోచించలేదు. ఎర్ర మీట ఎలా నొక్కాలో చూపించి డ్యూటీకి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున, నాన్న మిల్లుకి వెళ్లాక, హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. నాన్న గొంతు గట్టిగానే ఎత్తుకుంది. రెండో చరణానికి కొంచెం దిగింది. అందరూ ఆయనతో పాటు దిగారు. మూడో చరణానికి ఇంకా దిగింది. ఆడవాళ్ల గొంతులు అందక, ఆయన ఉన్న చోటికి వంగి వంగి వస్తున్నాయి. ఒక్కరూ తప్పు సరిచెయ్యడం లేదు. నిండు సంఘం ఒకే మనిషి వెనకాల బురదలోకి నడుస్తున్నట్టుంది. అంతలో భోంపూ కూసింది. అలవాటు ప్రకారం అందరూ ఆగారు. నాన్న ఆగలేదు.

అంత పెద్ద కూతలో ఆయన గొంతు ఒక్కటే, సన్నగా, పాడుతూనే ఉంది. తర్వాత ఒక ఆడగొంతు కలిసింది. అది అమ్మది. తర్వాత ఇంకెవరో, తర్వాత అందరూ గబగబా కలిసిపోయి, భోంపూ మీదే పాడేశారు. చాలాసార్లు చేసిన పని లాగ, ఎంతో నేర్పుగా చేశారు.

ఎన్నో వింత కేసెట్లు విన్న దాన్ని. ఏదీ నన్ను అంత భయపెట్టలేదు. హెడ్‌ఫోను తీసి చూస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇన్నావా?" అంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"రెండేళ్లయ్యింది. గుళ్లో అందరికీ తెలుసు. అయ్యగారికీ తెలుసు. ఆయనకే తెల్దు."

"మరి నువ్వు చెప్పొచ్చుగా?"

"ఆ పాట యినే గదే నానీ బూడిదలో ఇన్నాళ్లు ఉన్నాను. నా నోటితో ఆపమని ఎలా సెప్తాను?" అమ్మ అక్కడే గుమ్మంలో కూలబడింది. "మన గుడోళ్లంటే సర్దుకుంటన్నారు. వచ్చే నెల కూటాలు. పై ఊరోళ్లొత్తారు. ఆళ్లకేటి పట్టింది? నవ్వుతారు. ఆయన్ని సూసి నవ్వితే నాను తట్టుకోలేనే. నాకు సెప్పడం సేతకాకే ఆ పెట్టి అట్టుకెళ్లాను."

ఆ ఏడు కూటాలు మా సంఘం వంతు. ఖరగ్‌పూర్ నుంచీ రూర్కెలా నుంచీ తెలుగు సంఘాలవాళ్లు వచ్చి మూడు రోజులు ఉంటారు. పాటలన్నీ నాన్న ఎత్తాలి. చెప్పకపోతే అంతమందిలో పరువు పోతుంది, చెప్తే ఆయన ఇంక పాడతాడో లేదో తెలియదు. పైగా రుజువుంది నా చేతిలో. కానీ ఆ రుజువు వినాల్సిన మనిషికే చెవుడు. ఈ తిరకాసుకి నాకు ఏడుపూ నవ్వూ కూడా వచ్చాయి.

రెండు మూడు రోజులు నేను కేసెట్‌ని దిండు కింద దాచుకున్నాను. చివరికి నాన్నే అడిగాడు. "గుళ్లో పాట పట్టినావంట గదా. ఏదీ, నాకినిపించవా?" సాయంత్రం, టీ గ్లాసు చేతిలో, ఎప్పటిలాగే ఉత్సాహంగా ఉన్నాడు. నేను అమ్మవైపు చూశాను. అమ్మ తల వంచుకుంది. హెడ్‌ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన చక్రం చివరికంటా తిప్పాడు.

మొదట చెవిలోనే మోగుతున్న తన గొంతు విని మురిసిపోయాడు. వేళ్లతో మోకాలి మీద తాళం వేశాడు. మూడో చరణం దగ్గర తాళం ఆగింది. నొసలు ముడిపడ్డాయి. అప్పుడు హెడ్‌ఫోనులో భోంపూ కూసింది. అది బయటికి నాకు కూడా వినబడింది. నాన్న అరచెయ్యి దానంతటదే పైకి లేచింది, ఆగమని. ఆయన చెయ్యి పైకెత్తి కూర్చున్నాడు, ఆయన గొంతు మాత్రం టేపులో పాడుతూనే ఉంది.

కూత అయిపోయినా ఆ చెయ్యి దిగలేదు. నేనే పట్టుకుని దించాను.

మళ్లీ వెయ్యమని సైగ చేశాడు. మళ్లీ వేశాను. రెండోసారి విన్నాక హెడ్‌ఫోను తీసి మంచం మీద పెట్టాడు.

"అందరికీ తెలుసా?" అన్నాడు.

అమ్మ తలూపింది.

"నా ఎనకాల అందరూ కలిసి నాటకం ఆడినారన్నమాట. నానేదో పాడేత్తన్నాననుకుని రొమ్ము ఇరుసుకుని నిలబడ్డాను. నన్ను ఎర్రోణ్ణి సేసినారు గదే!" ఆయన అరిచాడు. నాకు ఊహ తెలిశాక అమ్మ మీద అరవడం అదే మొదటిసారి. "సెవుడొత్తే వచ్చింది. మిల్లులో ఎవరికి లేదు? నాకు సెప్పకూడదా? సెప్తే సచ్చిపోతానా?"

అమ్మ ఏడుస్తూ ఏదో అంది. ఆయనకి వినబడలేదు. ఏటి, ఏటి అని ముందుకి వంగాడు. అమ్మ మళ్లీ చెప్పలేకపోయింది.

నాన్న చొక్కా వేసుకుని అయ్యగారింటికి వెళ్లి, ఇంక పాట ఎత్తనని తనే చెప్పొచ్చాడు. కూటాలకి రూర్కెలా సంఘంలో ఒకాయన ఎత్తాడు. నేను సెలవు పెట్టి వెళ్లాను. నాన్న వెనక వరసలో, ఇస్త్రీ చొక్కాలో, నోరు మూసుకుని కూర్చున్నాడు. పాట మధ్యలో భోంపూ కూసింది. పై ఊరివాళ్లు ఉలిక్కిపడి ఆగిపోయారు. మావాళ్లు ఆగలేదు. రెండేళ్లుగా ఒక మనిషిని కాపాడటానికి నేర్చుకున్న అలవాటు, ఆ మనిషి పాడకపోయినా పోలేదు. పాడుతూనే ఉన్నారు. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి వింతగా చూడటం, మావాళ్ల నోళ్లు ఆడుతుండటం నాన్న చూశాడు. సంగతేమిటో ఆయనకి అర్థమైంది. తల దించేసుకున్నాడు. ఆ కూత అంతసేపు నేను ఆయన వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక, ఇంగ్లండు వాళ్లకి ఏం పంపావని అడిగాడు. ఏమీ పంపలేదని చేత్తో చెప్పాను.

"గుడి పాట పంపు."

వద్దన్నట్టు తలూపాను.

"పంపమంటన్నాను గదా. నాకు సెవుడని ఆ ఊరోళ్లకి తెల్దు. ఆళ్లు పాటొక్కటే ఇంటారు."

పంపాను. నాన్న గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. నెలలు గడిచాక కేసెట్ వచ్చింది. నల్ల అట్ట, లోపల మడతపెట్టిన చిన్న కాగితం. రెండో పక్క మొదట్లోనే మా పాట. ఎన్నో చేతులు మారి, ఎన్నో కాపీలు తీసినందువల్ల మావాళ్ల గొంతులు పొగ పట్టినట్టున్నాయి. వినదగ్గవేవని అడిగేవాళ్లకి ఆ కేసెట్ గురించి నేను ఎప్పుడూ చెప్పను. కానీ నా దగ్గరున్న అన్నింటిలో అదే గొప్పది. నా కళ్లకి నాన్న కనబడకుండా దాన్ని వినగలిగితే ఇంకా బాగా చెప్పగలిగేదాన్ని.

కాగితంలో మా పాట గురించి రెండు వాక్యాలు రాశారు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. సైరన్ కూసి అందరూ ఆగిపోయినా ఒక కార్మికుడు ఆగలేదట. ఫ్యాక్టరీకి లొంగకుండా పాడుతూనే ఉన్నాడట, ఆయన్ని చూసి మిగతావాళ్లకి ధైర్యం వచ్చిందట. ఇదంతా తప్పు, వెంటనే ఉత్తరం రాస్తానని కాగితమూ కలమూ తీశాను.

నాన్న నా మొహం చూసి ఏటైందని అడిగాడు. ఆ రెండు వాక్యాలూ తెలుగు చేసి, ఎదురుగా నిలబడి, గట్టిగా చెప్పాను. ఆయన నా చేతిలో కలం తీసి పక్కన పెట్టాడు.

"రాయకు," అన్నాడు. "మల్లీ సదువు."

చదివాను.

"గట్టిగా సదువమ్మా, ఇనబడతలేదు."

కుళాయి దగ్గరివాళ్లు తిరిగి చూసేంత గట్టిగా చదివాను. నాన్న ముందుకి వంగి, నా పెదాల వైపే చూస్తూ కూర్చున్నాడు.